బ్యూరెట్ ముక్కులో బుడగ

ఆ రోజు బ్యూరెట్ ముక్కులో గాలిబుడగ ఉందా, లేదా? నూకరాజు అన్నం మానేయడానికీ, నిద్రకు దూరం కావడానికీ ఈ ఒక్క ప్రశ్నే కారణం.

వినడానికి చాలా చిన్న ప్రశ్న. మొదట నేనూ అలాగే అనుకున్నాను.

గోదావరి వరద తీసింది. కాలవ గట్ల మీద బురద ఇంకా ఆరలేదు. ఊళ్లో కలరా తగిలింది. కాలేజీకి సెలవులిచ్చేశారు. రసాయనశాస్త్రం లేబొరేటరీలో ఇమ్మానుయేలు మాస్టారు, ఆయన దగ్గర డిమాన్‌స్ట్రేటరుగా కొత్తగా చేరిన నేను తప్ప ఎవరూ లేరు. అలాంటి ఒక మధ్యాహ్నం, నాతో చదువుకున్న నూకరాజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం మాసింది. పంట్లాం మోకాళ్ల దాకా తడిసి ఉంది.

"మాస్టారూ, ఒక బ్యూరెట్ ఇప్పించండి," అన్నాడు.

"ఆసుపత్రిలో లేవా?"

"ఉన్నాయండి. వాటిని ముట్టుకోలేకపోతున్నాను."

మాస్టారు బీరువా తాళం నాకిచ్చి, "అవధానీ, తీసివ్వు," అన్నారు.

ఇమ్మానుయేలు మాస్టారి గురించి కొంచెం చెప్పాలి. ఆయన పొట్టి మనిషి, గొంతు కూడా చిన్నది. వెనక బెంచీలో కూర్చున్నవాడికి పాఠం వినపడేది కాదు. అయినా లేబొరేటరీలో ఆయన ఏ మూలనున్నారో వెనక్కి తిరక్కుండానే మాకు తెలిసేది. పొడుం వాసన వచ్చేది. పొడుం పీల్చి నాలుగు గదులు దద్దరిల్లేలా తుమ్మే ఆ మనిషి, త్రాసులుండే గదిలో మాత్రం ఒక్కసారి తుమ్మగా ఎవరూ వినలేదు.

ప్రాక్టికల్స్‌లో ప్రతి విద్యార్థీ అడిగే ప్రశ్న ఒకటే, "ఎంత రావాలండీ?" అని. ఎంత రావాలో తెలిస్తే అంత తెప్పించడం పెద్ద కష్టం కాదు. కన్ను కాస్త పైకెత్తితే ఒక గీత తగ్గుతుంది, కిందికి దించితే ఒక గీత పెరుగుతుంది. మా రోజుల్లో సగం మంది అలాగే పాసయ్యారు. ఇప్పుడు మీట నొక్కితే అంకె పడే యంత్రాలొచ్చాయట. మంచిదే. మాస్టారు మాత్రం ఆ ప్రశ్నకు ఎప్పుడూ ఒకే జవాబు చెప్పేవారు. "ఎంత వస్తే అంత." కుర్రాళ్లు ఆ జవాబు విని ఉసూరుమంటూ పక్కవాడి బ్యూరెట్ వైపు తొంగిచూసేవారు.

ఆయన పెట్టిన నియమం ఇంకొకటి ఉండేది. బ్యూరెట్ అంటే మీకు తెలిసే ఉంటుంది. గీతలు గీసిన పొడుగాటి గాజు గొట్టం, కింద చిన్న కుళాయి, దాని కింద సన్నటి ముక్కు. అందులో ఆమ్లం నింపి, కింద ఫ్లాస్కులో ఉన్న క్షారంలోకి చుక్క చుక్కగా వదులుతాం. రంగు మారగానే ఆపేసి, ఎంత ఖర్చయిందో గీతల మీద చూస్తాం; అదే టైట్రేషన్. గొట్టం నింపాక మొదటి అంకె చూసే ముందు, ప్రతివాడూ నేల మీద మోకాళ్లూని, ఆ ముక్కును కింది నుంచి చూడాలి. లోపల గాలిబుడగ ఉంటే వదిలించాలి. ఇంత మంది కుర్రాళ్లు ఒకేసారి మోకాళ్ల మీద కూర్చుంటే చూడ్డానికి విచిత్రంగా ఉండేది.

"చూశావుట్రా, మాస్టారు చప్పుడు చెయ్యకుండా మనందరి చేతా ప్రార్థన చేయించేస్తున్నారు," అనేవాడు అగ్రహారం నుంచి వచ్చే ఒక కుర్రాడు.

అది ఒకసారి ఆయన చెవిన పడింది. "చెయ్యవయ్యా, నష్టమేముంది," అని తుమ్ముకుంటూ వెళ్లిపోయారు.

ఆ మోకాళ్ల మీద కూర్చున్నవాళ్లలో నూకరాజుకు అబ్బిన చెయ్యి ఇంకెవరికీ అబ్బలేదు. మాకందరికీ చుక్కే ఆఖరి కొలత. వాడు చుక్కను సగం చేసేవాడు. కుళాయి అలా తెరిచీ తెరవనట్టు తిప్పి, ముక్కు చివర వేలాడే తడిని ఫ్లాస్కు గోడకు తాకించి, సీసాలోని నీళ్లతో లోపలికి కడిగేవాడు. రంగు అప్పుడు మారేది. చుట్టూ చేరి చూసేవాళ్లం. వాడికి అది తెలుసు. చూసేవాళ్లుంటే ఇంకా నిదానంగా చేసేవాడు.

డిగ్రీ అయ్యాక ఆసుపత్రి లేబొరేటరీలో చేరాడు. కలరా తగిలిన మనిషికి ఒంట్లో నీళ్లతో పాటు ఉప్పూ క్షారమూ కూడా పోతాయి. వాటిని నరంలోకి ఎక్కించాలి. ఆ రోజుల్లో ఆ ద్రావణాలు ఆసుపత్రిలోనే కాచి సీసాల్లో పోసేవాళ్లు. క్షారం సీసాల్లో గాఢత సరిగ్గా ఉందో లేదో టైట్రేషన్ చేసి చూసి, 'ఎక్కించవచ్చు' అని చెప్పడం నూకరాజు పని.

బ్యూరెట్ అందుకుని ఒక మూల బల్ల దగ్గరికి వెళ్లాడు. మాస్టారు వెనకే వెళ్లి స్టూలు మీద కూర్చున్నారు.

"ఏం జరిగింది?"

"పోలమ్మ అని ఒకావిడ పోయిందండి. బల్లకట్టు నడిపే సింహాద్రి భార్య. చేరినప్పుడు అందరి కన్నా ఆవిడే నయంగా ఉంది. పక్క మంచం వాళ్లతో మాట్లాడింది కూడానండి. సీసాలెక్కించారు. తెల్లారేసరికి పోయింది."

"కలరా కదా."

"ఆ సీసాలు నేను చూసినవండి." నూకరాజు గొంతు తగ్గించాడు. "మర్నాడు బ్యూరెట్ కడుగుతుంటే ముక్కులో బుడగ కనపడింది. ముందు రోజు కూడా ఉందేమో అనిపించింది మాస్టారూ. చూశానా లేదా అని ఎంత తలుచుకున్నా చూసినట్టు గుర్తు రావడం లేదు."

నాకు విషయం అప్పుడర్థమైంది. ముక్కులో బుడగ ఉన్నంత చోటు ఖాళీ. మధ్యలో అది జారిపోతే ఆ ఖాళీలోకి పై నుంచి ఆమ్లం దిగుతుంది. గొట్టంలో మట్టం తగ్గుతుంది గానీ ఆ ఆమ్లం ఫ్లాస్కులో పడదు. పడిందనుకుని మనం లెక్క కడతాం. క్షారం ఉన్నదాని కన్నా గట్టిగా ఉన్నట్టు కనపడుతుంది. పల్చటి సీసాను సరైన సీసా అనుకుని పంపిస్తాం.

"రెండోసారి చెయ్యలేదా?" అన్నాను నేను.

"లేదు అవధానీ. మంచాలు చాలక వరండాలో చాపలేశారు. సిస్టరు గుమ్మంలో నిలబడి ఉంది, సీసాలు ఇస్తారా ఇవ్వరా అని. ఒక్కటి చాలనుకున్నాను. చేసింది నేను కదా అనుకున్నాను."

"మిగిలిన సీసాలేమైనా..."

"ఒక్కటీ మిగల్లేదు. మిగిలితే ఈపాటికి చూసేవాణ్ని కానూ?"

మాస్టారు పొడుం డబ్బా తీసి, మూత తియ్యకుండా చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. "ముక్కు ఎందుకు చూడలేదు?" అన్నారు చివరికి. కోపంగా అనలేదు. మామూలుగానే అడిగారు.

నూకరాజు తలొంచుకున్నాడు. "నేను నింపితే బుడగ ఉండదండి. ఎప్పుడూ ఉండేది కాదు. అందుకని ఎప్పుడో చూడ్డం మానేశాను. ఎప్పుడు మానేశానో కూడా తెలీదు."

నూకరాజు పని మొదలుపెట్టాడు.

ఆ పని చూస్తూ ఉండటం కష్టంగా ఉండేది. లోకంలో టైట్రేషన్ నేర్చుకునేవాళ్లందరూ బుడగ లేకుండా నింపడం నేర్చుకుంటారు. వాడు బుడగ ఉండేలా నింపడం మొదలుపెట్టాడు. ఆమ్లం గబుక్కున పోసేవాడు, కుళాయి సగం తిప్పేవాడు, ముక్కులో గాలి చిక్కగానే టైట్రేషన్ చేసి, బుడగ జారాక ఎంత తేడా వచ్చిందో చూసేవాడు. ఒకసారి పావు మిల్లీలీటరు. ఒకసారి అంతకు రెట్టింపు. ఒక్కోసారి బుడగ చివరిదాకా జారకుండా ముక్కులోనే ఉండిపోయేది. అప్పుడు తేడాయే లేదు. మళ్లీ నింపేవాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. పొద్దున్నే వచ్చి మేం తాళం వేసేదాకా ఉండేవాడు. ఆసుపత్రికి పోవడం మానేశాడు. బల్ల మీద వాడి వేళ్లు ఆమ్లం తడికి తెల్లగా ముడతలు పడి ఉండేవి.

"ఒరే, లెక్క వేశావుగా," అన్నాను ఒకనాడు ఉండబట్టలేక. "ఎంత పెద్ద బుడగైనా నూటికి రెండు పాళ్లు తేడా. అంతకి మనిషి పోతాడా?"

"డాక్టరు గారూ అదే అన్నారు."

"మరి?"

"ఆయన ఎవరు పోయినా అలాగే అంటారు." వాడు కుళాయి కట్టేశాడు. "సింహాద్రి వచ్చాడు అవధానీ, శవాన్ని తీసుకుపోయే ముందు. చేతులు జోడించి, 'మీరు చెయ్యాల్సింది మీరు చేశారు బాబూ' అన్నాడు. ఊఁ అన్నాను."

మళ్లీ బ్యూరెట్ నింపాడు.

మాస్టారు ఇదంతా చూస్తూనే ఉన్నారు. వాడికి అడ్డు చెప్పలేదు, ఓదార్చలేదు. ఆమ్లం అయిపోతే ఆయనే మళ్లీ కలిపి సీసా తెచ్చి బల్ల మీద పెట్టేవారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది కూడా. పిచ్చివాడికి రాళ్లందించినట్టుందే అనుకున్నాను.

ఒక ఉదయం నూకరాజు వచ్చేసరికి వాడి బల్ల మీద ఒక ఫ్లాస్కు ఉంది. అందులో లేత నారింజరంగు ద్రావణం. టైట్రేషన్ ముగిసిన రంగు అది. మిథైల్ ఆరెంజ్ వేస్తే క్షారంలో పసుప్పచ్చగా ఉండి, ఆమ్లం సరిపోగానే ఆ రంగుకు వస్తుంది. పక్కనే స్టాండుకు బ్యూరెట్ బిగించి ఉంది. కడిగి, తలకిందులుగా ఆరబెట్టి ఉంది.

"ఇది పొద్దున్న నేను చేశాను," అన్నారు మాస్టారు. "ఎంత ఆమ్లం పట్టిందో చెప్పు."

నూకరాజు ఫ్లాస్కు చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. "రంగు బాగా వచ్చిందండి. ఎంత పట్టిందో... మీరు బ్యూరెట్ కడిగేశారు కదా?"

"కడిగేశాను."

"రీడింగు చూశారా?"

"చూడలేదు."

"అయితే ఎలా చెప్తానండీ?"

"మళ్లీ చేసి చెప్పు. ఆమ్లం అదే. క్షారం అదే. చెయ్యి నీది, నాకన్నా మంచిది."

"మళ్లీ చేస్తే మళ్లీ చేసినదాని సంగతి తెలుస్తుంది గానీ మాస్టారూ, దీని సంగతి..."

అక్కడ ఆగిపోయాడు. ఫ్లాస్కు చేతిలోనే ఉంది. మాస్టారు నెమ్మదిగా దాన్ని అందుకుని తొట్టి దగ్గరికి వెళ్లి పారబోశారు. కుళాయి తిప్పారు. నారింజరంగు కాసేపు తొట్టి అడుగున తిరిగి, నీళ్లతో పాటు పోయింది.

"అయితే ఎప్పటికీ తెలీదా మాస్టారూ?" అన్నాడు నూకరాజు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

"తెలీదు," అన్నారు మాస్టారు.

ఇంకేదైనా అంటారేమో అని చూశాను. 'నీ తప్పు లేదు' అంటారనుకున్నాను. ఆ మాట అనడానికి ఏమవుతుంది? నేనైతే అనేవాణ్ని. ఆయన ఫ్లాస్కు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకున్నారు.

నూకరాజు గోడకు చేరబడి నేల మీద కూర్చుండిపోయాడు. నాకు భయం వేసింది. మనిషి ఏడిస్తే అంత భయం వెయ్యదు. వాడు ఏడవలేదు. మెడ వాల్చి తన చేతుల వంక చూసుకుంటున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

బయట సైకిలు బెల్లు మోగింది. ఆసుపత్రి నుంచి రత్నకుమారి సిస్టరు వచ్చింది. తెల్లచీర కుచ్చిళ్లు బురదలో తడిసిపోయాయి. చేతిసంచీలోంచి ఒక సీసా తీసి బల్ల మీద ఠక్కున పెట్టింది.

"ఇక్కడున్నారా మహానుభావులు! మీ అమ్మగారినడిగితే ఆసుపత్రిలో ఉన్నాడంటారు. ఆసుపత్రిలోనేమో జ్వరంతో ఇంట్లో ఉన్నారనుకుంటున్నాం. తమరిక్కడ నేల మీద చతికిలబడ్డారా?"

నూకరాజు తలెత్తలేదు.

"కొత్తగా కాచిన క్షారం. చూసి చెప్పండి."

"నేను చెయ్యను సిస్టర్."

"మరెవరు చేస్తారు, నేనా? నాకు సూది గుచ్చడం వచ్చు, అంతే. ఇన్ని రోజులూ పక్క ఊరి ఆసుపత్రి వాళ్లు సర్దారు. ఇవాళ వాళ్లకే లేవన్నారు. చూడండి నూకరాజు గారూ, మీరు చూసినా చూడకపోయినా మధ్యాహ్నానికి ఇవి ఎక్కించేస్తాం. డాక్టరు గారు చెప్పేశారు. మీరొచ్చేదాకా ఎవరి ప్రాణమూ ఆగదు."

"ఎక్కించెయ్యండి," అన్నాడు నూకరాజు. "నేను చూసినవి ఎక్కిస్తే మాత్రం ఏమైంది?"

సిస్టరు చూపు సీసా మీదికి మళ్లింది. పోలమ్మ పోయిన రాత్రి ఆ వార్డులో ఉన్నది ఆవిడేనని తర్వాత తెలిసింది నాకు.

"నేను చేస్తాను," అని సీసా అందుకోబోయాను. మాస్టారు నా వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపారు. ఆయనే సీసా అందుకున్నారు.

ఒక విషయం చెప్పాలి. మాస్టారికి అప్పటికే రెండు కళ్లకీ శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ అంటే భయం. పాఠం చెప్పగలరు, రంగులు పోల్చగలరు, గీతల దగ్గరే ఇబ్బంది. ప్రాక్టికల్స్‌లో అంకెలు చూడాల్సొస్తే నన్ను పిలిచేవారు. ఆ రోజు పిలవలేదు.

పిపెట్‌తో క్షారం కొలిచి ఫ్లాస్కులో వదిలారు. మిథైల్ ఆరెంజ్ రెండు చుక్కలు వేశారు. బ్యూరెట్‌లో ఆమ్లం పోశారు. గరాటు తీసి పక్కన పెట్టారు. ముఖం గాజుకు ఆనేంత దగ్గరగా పెట్టి మట్టం సున్నా గీతకు తెచ్చారు. ఫ్లాస్కు కింద పెట్టి, కుళాయి మీద చెయ్యి వేశారు.

ఆయన మోకాళ్లూనలేదు. ముక్కు చూడలేదు.

నేను నిలబడిన చోటి నుంచి నాకేమీ కనపడలేదు. నేల మీద కూర్చున్నవాడికి కనపడింది.

"మాస్టారూ! బుడగ!"

ఆ కేకకు సిస్టరు ఉలిక్కిపడి సంచీ జారవిడిచింది.

"ఎక్కడ?" అన్నారు మాస్టారు, కుళాయి మీది నుంచి చెయ్యి తియ్యకుండా.

"ముక్కులో అండి! తిప్పకండి! అంత బుడగ కనపడటం లేదా?"

"ఎక్కడయ్యా?"

అప్పటికే నూకరాజు లేచి బల్ల దగ్గరికి వచ్చేశాడు. ఫ్లాస్కు పక్కకు లాగి బీకరు పెట్టాడు. కుళాయి మీద మాస్టారి చెయ్యి తీసి తన చెయ్యి పెట్టాడు. ఒక్కసారిగా పూర్తిగా తిప్పాడు. ఆమ్లం ధారగా పడింది. చిటికెన వేలి గోరంత పొడుగున్న బుడగ ముక్కులోంచి జారిపోయింది. నూకరాజు వంగి కింది నుంచి చూశాడు. ఇటు నుంచి చూశాడు, అటు వెళ్లి చూశాడు. మళ్లీ నింపాడు. మళ్లీ వంగాడు.

మాస్టారు ఎప్పుడు జరిగారో, వెళ్లి స్టూలు మీద కూర్చుని ఉన్నారు.

ఆ బుడగ ఆయనకు కనపడలేదా, కనపడీ ఊరుకున్నారా? నేనెప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పే మనిషి కాదు.

నూకరాజు టైట్రేషన్ మొదలుపెట్టాడు. చుక్కను సగం చేసే మనిషి చుక్కకు బదులు మూడు చుక్కలు వదిలేశాడు. రంగు దాటిపోయింది. ఫ్లాస్కు పారబోశాడు. మళ్లీ కొలిచాడు. మళ్లీ నింపాడు, వంగి చూశాడు. ఈసారి నిదానంగా చేశాడు. పసుప్పచ్చ రంగు చెదిరి, మళ్లీ కూడుకుని, చివరికి నారింజరంగుకు తిరిగింది. అంకె చూశాడు. నన్నూ చూడమన్నాడు. చూసి చెప్పాను. తల ఊపి, మళ్లీ మొదలుపెట్టాడు.

"అయిపోయింది కదా?" అంది సిస్టరు.

"కాలేదు."

"ఇంకా ఎన్నిసార్లండీ బాబూ? అక్కడ వార్డులో..."

"రెండు ఒకేలా వచ్చేదాకా."

వాడా మాట గట్టిగా అనలేదు. అయినా సిస్టరు ఇక తొందర పెట్టలేదు. స్టూలు ఒకటి లాక్కుని కూర్చుంది. అలా కూర్చోగానే ఆవిడ కళ్లు మూతలు పడటం చూశాను. ఎన్ని రాత్రుల నిద్రో.

రెండు అంకెలూ కలిశాయి. క్షారం సరిగ్గానే ఉంది. నూకరాజు మరోసారి చేశాడు. అదే వచ్చింది.

"ఎక్కించవచ్చు సిస్టర్," అన్నాడు.

ఆవిడ లేచి, సంచీ తీసుకుని, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "రేపు అక్కడికి వస్తారా, మళ్లీ నా చేతే ఈ బురద తొక్కిస్తారా?"

"వస్తాను."

సైకిలు బెల్లు మోగింది. నూకరాజు బ్యూరెట్ స్టాండు పట్టుకుని అప్పుడు ఏడ్చాడు. మాస్టారు దగ్గరికి రాలేదు. ఆయన పిపెట్ కడుగుతున్నారు.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. నా మనవరాలికి చెప్పినప్పుడు ఇక్కడే ఆపాను కూడా. కానీ జరిగింది ఇక్కడితో ఆగలేదు.

నూకరాజు ఆసుపత్రికి వెళ్లడం మొదలుపెట్టాడు. వరద నీళ్లు ఇంకినా రోగం తగ్గలేదు. గుంటల్లో నిలిచిన నీళ్లే జనం తాగుతున్నారు. మరగబెట్టుకోమని దండోరా వేశారు గానీ, కట్టెలన్నీ తడిసి ఉంటే ఎవరు మరగబెడతారు? కాలవ అవతలి శ్మశానం వైపు పొద్దస్తమానం పొగ కనపడేది. మా కిటికీలు అటువైపే. నేను కిటికీ రెక్కలు మూసేవాణ్ని. మాస్టారు, గాలి రావడం లేదంటూ తెరిచేవారు.

కొన్నాళ్లకు నూకరాజు మళ్లీ వచ్చాడు. ఈసారి గుమ్మంలో ఆగలేదు. గడ్డం గీసుకుని ఉన్నాడు. చొక్కా ఉతికినదే. కానీ ముఖం చూసి నేను కుర్చీలోంచి లేచాను.

మాస్టారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు.

"కనకం అని ఒక పిల్లండి," అన్నాడు నూకరాజు. "మూడో తరగతి చదువుతోంది. వార్డుకి వెళ్లినప్పుడల్లా, 'నా సీసా మీరే చూశారా?' అని అడిగేది. నేనే చూశానమ్మా అనేవాణ్ని. పొద్దున్న పోయిందండి."

మాస్టారు తిరిగి చూశారు.

"బుడగ లేదు మాస్టారూ. నింపిన ప్రతిసారీ చూశాను. మోకాళ్ల మీద కూర్చుని చూశాను, అందరూ నవ్వినా చూశాను. రెండు కలిసేదాకా చేశాను. కలిశాక మళ్లీ చేశాను. అయినా పోయింది. ఇంకేం చెయ్యాలి? ఇంకెంత సరిగ్గా చేస్తే ఆగుతారండీ?"

వాడి గొంతు పెద్దదైంది. మాస్టారి ముందు ఎవరూ అలా గొంతెత్తరు. నేను వాడి భుజం మీద చెయ్యి వెయ్యబోయాను. వదిలించుకున్నాడు.

మాస్టారు కిటికీ బయటికి చూశారు. ఆయనకు ఆ పొగ కనపడుతుందో లేదో నాకు తెలీదు.

"ఆ పిల్ల సీసా సరిగ్గా ఉందా?" అన్నారు.

"ఉందండి."

"నీకు తెలుసా?"

"తెలుసండి," అన్నాడు నూకరాజు.

ఆ మాట అన్నాక వాడు తన నోటి వెంట వచ్చిన మాటను తానే వింటున్నట్టు కాసేపు నిలబడ్డాడు. తర్వాత వాచీ చూసుకున్నాడు. ఆసుపత్రిలో కొత్త సీసాలు కాచి దించే వేళయింది.

చెప్పులు తొడుక్కుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.